చెదిరే ధ్యాస, మూసిన తలుపులు: జైళ్ళలోని పెద్దల్లో ఏడీహెచ్‌డీ

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ తూర్పు కొసన రెండు పాయలుగా చీలుతుంది. అందులో ఒక పాయకు చివరి స్టేషన్ వైశాలి. కాగితాల మీద ఇది ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లా. బతుకుతెరువు లెక్కన మాత్రం ఢిల్లీయే. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, దిల్షాద్ గార్డెన్‌లో, మానసిక వైద్యానికి దేశమంతటా పేరున్న ఇహ్బాస్ ఆసుపత్రి ఉంది. ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే తీహార్ వ్యవస్థలో భాగమైన మండోలి జైళ్ళ సముదాయం వస్తుంది. తూర్పుగా వెళ్తే గాజియాబాద్ జిల్లా జైలున్న డాస్నా వస్తుంది.

అంటే మనోవైద్యం దొరికే చోటూ, ఆ వైద్యం అవసరమైన మనుషులు పెద్ద సంఖ్యలో ఉండే చోటూ పక్కపక్కనే ఉన్నాయి. అయినా ఒక రకం సమస్య మాత్రం ఈ రెండింటి మధ్యా ఎవరి కంటా పడకుండా జారిపోతుంటుంది. బ్యారక్‌లో ఒక్క చోట కూర్చోలేని మనిషి, వార్డర్ చెప్పిన మాట సగంలోనే మరిచిపోయే మనిషి, చిన్న మాటకు చెయ్యెత్తి మరుక్షణం నాలుక కరుచుకునే మనిషి ప్రతి జైల్లోనూ కనిపిస్తారు. ఇలాంటి వారిని 'మొండివాడు', 'పొగరుబోతు' అని అనుకోవడం పరిపాటి. వీళ్ళలో కొందరి ప్రవర్తన వెనుక చిన్ననాటి నుంచీ ఉన్న ఒక రుగ్మత ఉండవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. దాని పేరు అవధాన లోప, అతిచురుకుదనపు రుగ్మత. వాడుకలో ఏడీహెచ్‌డీ.

అవధానం అంటే ఏమిటి?

ధ్యాస గురించి తెలుగువారికి చెప్పడానికి అష్టావధానం కంటే మంచి ఉదాహరణ లేదు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అవధానిని పరీక్షిస్తారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. ఎక్కడో గంట మోగుతుంటుంది, దాన్ని లెక్కపెట్టుకోవాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని ప్రశ్నలతో దారి మళ్ళించాలని చూస్తాడు. చివర్లో అవధాని అన్ని పద్యాలనూ ధారణ చేసి అప్పజెప్పాలి.

ఇందులో అవధాని చేసే పనులన్నీ మెదడు ముందు భాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీద ఎక్కువగా ఆధారపడేవి. అవసరమైన దాని మీద మనసు నిలపడం, అవసరం లేనిదాన్ని పక్కన పెట్టడం, నాలుక చివరికి వచ్చిన మాటను ఆపుకోవడం, సగంలో వదిలిన పనిని గుర్తుపెట్టుకుని మళ్ళీ అందుకోవడం. వీటిని శాస్త్రవేత్తలు కార్యనిర్వాహక సామర్థ్యాలు అంటారు. మామూలు మనుషులు రోజూ చేసే పనుల్లోనూ ఇవే చిన్న మోతాదులో అవసరమవుతాయి.

ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ధ్యాస అసలే ఉండదని కాదు. తమకు ఆసక్తి కలిగించిన పనిలో వాళ్ళు గంటల తరబడి మునిగిపోగలరు. చిక్కంతా ధ్యాసను అదుపు చేయడంలో ఉంది. ఎప్పుడు ఎక్కడ నిలపాలో, ఎప్పుడు అక్కడి నుంచి తీయాలో వారి చేతుల్లో ఉండదు. అవధాన సభతో పోల్చి చెప్పాలంటే, అప్రస్తుత ప్రసంగి గొంతు ఒక్కటే మిగిలిన ఏడుగురి గొంతులనూ మింగేస్తుంది. మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయన సంకేతాల పనితీరులో తేడాలకు ఇందులో ముఖ్యపాత్ర ఉందని భావిస్తున్నారు.

ఇది పెంపకంలో లోపం వల్ల వచ్చేది కాదు. కవలల మీదా, కుటుంబాల మీదా జరిగిన అధ్యయనాల ప్రకారం మనిషికీ మనిషికీ మధ్య ఈ లక్షణాల్లో కనిపించే తేడాలో సుమారు 74 శాతం వంశపారంపర్య కారణాలతో ముడిపడి ఉంది. 2023లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనం ఈ రుగ్మతతో సంబంధమున్న 27 చోట్లను మానవ జన్యుపటంలో గుర్తించింది. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా రుగ్మతను తెచ్చిపెట్టదు. ఒక్కొక్కటి కొద్దికొద్దిగా అవకాశాన్ని పెంచుతుంది, అంతే.

మారుతూ వచ్చిన పేర్లు

స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే నిలకడ లేని ధ్యాసను ఒక వైద్య సమస్యగా వర్ణించాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు తెలివితేటలు బాగానే ఉన్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. 1944లో స్విట్జర్లండ్‌లో లియాండ్రో పానిజ్జోన్ అనే రసాయన శాస్త్రవేత్త మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. ఇవాళ ఈ రుగ్మతకు ఎక్కువగా వాడే మందు అదే. అమెరికా మనోవైద్యుల సంఘం 1968లో దీన్ని బాల్యంలోని అతిచలన ప్రతిచర్య అనీ, 1980లో అవధాన లోప రుగ్మత అనీ, 1987లో ఇప్పుడున్న పేరుతోనూ పిలిచింది.

ఈ పేర్ల చరిత్రలో ఒక విషయం గమనించాలి. చాలాకాలం దీన్ని పిల్లల జబ్బుగానే చూశారు. పెద్దయ్యాక తగ్గిపోతుందనుకున్నారు. నిజానికి చాలామందిలో పరుగులు, గెంతులు తగ్గుతాయి గానీ లోపలి కుదురులేనితనం, మతిమరుపు, తొందరపాటు మిగిలిపోతాయి. పెద్దల్లో సుమారు 2.5 నుంచి 3 శాతం మందికి ఈ రుగ్మత ఉంటుందని అంచనా.

2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రమాణాల ప్రకారం ధ్యాసకు సంబంధించినవి తొమ్మిది, అతిచురుకుదనానికీ తొందరపాటుకూ సంబంధించినవి తొమ్మిది లక్షణాలు ఉన్నాయి. పెద్దల్లో ఏదో ఒక వర్గంలోనైనా కనీసం ఐదు ఉండాలి. వాటిలో కొన్ని పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి. ఇల్లు, ఉద్యోగం వంటి రెండు వేర్వేరు చోట్ల కనిపించాలి. బతుకును దెబ్బతీసేంతగా ఉండాలి. ఈ షరతులు గుర్తుంచుకోవడం ముఖ్యం. జైళ్ళ లెక్కల్లో వచ్చే తేడా అంతా ఇక్కడే ఉంది.

జైళ్ళలో ఎంతమందికి?

2015లో సూజన్ యంగ్ బృందం 42 అధ్యయనాలను కలిపి పరిశీలించి, జైళ్ళలోని పెద్దల్లో సుమారు 26 శాతం మందికి ఏడీహెచ్‌డీ ఉందని తేల్చింది. 2018లో స్టెఫనీ బాజియో బృందం 102 అధ్యయనాలను, దాదాపు 70 వేల మంది సమాచారాన్ని సమీక్షించింది. పెద్దల విషయంలో మళ్ళీ అదే 26 శాతం వచ్చింది. ఈ లెక్కన ప్రతి నలుగురు ఖైదీల్లో ఒకరికి ఈ సమస్య ఉన్నట్టు.

అయితే 2024లో సీనా ఫజల్, లూయీ ఫావ్రిల్ మరో సమీక్ష చేశారు. ప్రశ్నావళితో సరిపెట్టకుండా వైద్యపరమైన ముఖాముఖి ద్వారా రోగ నిర్ధారణ చేసిన అధ్యయనాలను వారు లెక్కలోకి తీసుకున్నారు. అప్పుడు వచ్చింది సుమారు 8 శాతమే. 26 ఎక్కడ, 8 ఎక్కడ? ఎవరైనా తప్పు చేశారా?

ఒక ఊహాత్మక ఉదాహరణతో చూస్తే విషయం తేటపడుతుంది. ఒక జైల్లో వెయ్యి మంది ఉన్నారనుకోండి. నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్నవారు 8 శాతం, అంటే 80 మంది. అందరికీ ఒక చిన్న ప్రశ్నావళి ఇచ్చారు. అది రుగ్మత ఉన్న ప్రతి పదిమందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది. ఆ విధంగా 80 మందిలో 72 మంది దొరుకుతారు. అయితే రుగ్మత లేని ప్రతి పదిమందిలో ఇద్దరిని కూడా అది పొరపాటున ఉన్నట్టు చూపిస్తుంది. మిగిలిన 920 మందిలో ఆ ఇద్దరేసి చొప్పున 184 మంది అవుతారు. మొత్తం 72, 184 కలిపితే 256. అంటే ప్రశ్నావళి ప్రకారం 25.6 శాతం! ఉన్నది 8 శాతమే అయినా కాగితం మీద 26 శాతం కనిపించింది. పైగా ప్రశ్నావళిలో తేలిన 256 మందిలో నిజంగా రుగ్మత ఉన్నది 72 మందికే. మరో ఎనిమిది మంది వలలోంచి జారిపోయారు.

ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. కానీ ప్రశ్నావళికీ రోగ నిర్ధారణకూ మధ్య తేడా ఏమిటో ఇవి చెబుతాయి. జైల్లో ఈ పొరపాటు మరింత పెరగడానికి కారణాలున్నాయి. రెండు రోజులుగా నిద్ర లేని మనిషికి ధ్యాస నిలవదు. మత్తు మందు ఆగిపోయి ఒళ్ళు వణుకుతున్న మనిషి కుదురుగా కూర్చోలేడు. బెయిల్ వస్తుందో రాదోనన్న ఆందోళనలో ఉన్నవాడికి చెప్పిన మాట చెవికెక్కదు. తలకు దెబ్బ తగిలినవారిలో, బాల్యంలో హింస అనుభవించినవారిలో, కుంగుబాటులో ఉన్నవారిలో కూడా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. వీటిని విడదీయాలంటే చిన్ననాటి సంగతులు తెలియాలి. అమ్మో అక్కో చెప్పాలి, బడి రికార్డు చూడాలి. ఇంటితో తెగతెంపులైన ఖైదీ విషయంలో ఆ సమాచారం దొరకడమే కష్టం.

ఒక మాట మాత్రం స్థిరం. 8 శాతమే సరైనదనుకున్నా అది బయటి సమాజంలో ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు.

బడి నుంచి బ్యారక్ దాకా

ఏడీహెచ్‌డీ నేరగాళ్ళను తయారుచేయదు. ఈ రుగ్మత ఉన్నవారిలో అత్యధికులు జీవితంలో ఎన్నడూ పోలీసు స్టేషన్ గడప తొక్కరు. వారిలో డాక్టర్లు, డ్రైవర్లు, కళాకారులు, వ్యాపారులు ఉన్నారు. రుగ్మతకూ జైలుకూ మధ్య నేరుగా గీత గీయలేం. మధ్యలో చాలా మెట్లున్నాయి.

మొదటి మెట్టు బడి. పాఠం వినలేని పిల్లవాడు దెబ్బలు తింటాడు, తరగతి బయట నిలబడతాడు, చివరికి బడి మానేస్తాడు. భారత జైళ్ళలోని ఖైదీల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది పదో తరగతి కూడా పూర్తి చేయనివారేనన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దీనికి పేదరికం పెద్ద కారణం. అయితే పేదరికమూ, గుర్తించని రుగ్మతా కలిసిన చోట ఒకటి రెండోదాన్ని బలపరుస్తుంది. డబ్బున్న ఇంట్లో ఇదే సమస్య ఉన్న పిల్లవాడికి కౌన్సెలరో, ప్రత్యేక ట్యూషనో దొరుకుతుంది.

రెండో మెట్టు మత్తు. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో పొగాకు, మద్యం, మాదకద్రవ్యాల వాడకం త్వరగా మొదలయ్యే అవకాశం ఎక్కువ. మూడో మెట్టు తొందరపాటు. పథకం వేసి చేసే నేరాల కంటే ఆ క్షణంలో ఆపుకోలేక చేసే కొట్లాటలు, చిల్లర దొంగతనాలు వీరి విషయంలో ఎక్కువగా కనిపిస్తాయి. ఈ మెట్లలో ఏ ఒక్క చోట చెయ్యి అందించేవారున్నా దారి మారవచ్చు. వైద్యుల ఆశ అంతా అక్కడే ఉంది.

విచారణ గది నుంచి వాయిదా వరకు

అరెస్టయిన తర్వాత ఈ రుగ్మత మనిషిని ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. పోలీసు విచారణ గంటల తరబడి సాగుతుంది. అడిగిన ప్రశ్నను చివరిదాకా వినకుండా జవాబిచ్చేవాడు, ఎలాగైనా ఇక్కడి నుంచి బయటపడితే చాలుననుకునేవాడు తాను చేయని పనిని కూడా ఒప్పుకునే ప్రమాదం ఉంది. ఐస్‌లండ్ ఖైదీల మీద గిస్లీ గుడ్‌యాన్సన్ బృందం జరిపిన అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ లక్షణాలున్న ఖైదీలు గతంలో ఎప్పుడో తప్పుడు ఒప్పుకోలు ఇచ్చామని చెప్పడం మిగతావారితో పోలిస్తే రెట్టింపుకు పైగా ఉంది.

తర్వాత కోర్టు. వాయిదా తేదీ గుర్తుపెట్టుకోవాలి, బెయిల్ షరతులు పాటించాలి, వారం వారం సంతకం పెట్టాలి, వకీలు అడిగిన కాగితాలు తేవాలి. ఇవన్నీ ధ్యాసతో, క్రమంతో ముడిపడిన పనులే. వాయిదాకు రాకపోతే కోర్టు దాన్ని మతిమరుపుగా చూడదు, వారెంట్ జారీ అవుతుంది.

జైలు లోపల రోజంతా నియమాలే. గంట కొడితే లేవాలి, వరుసలో నిలబడాలి, లెక్కకు కూర్చోవాలి. స్కాట్లండ్‌లోని ఒక జైల్లో జరిగిన అధ్యయనంలో, లక్షణాలు తీవ్రంగా ఉన్న ఖైదీలు తగాదాలు, వస్తువులు పగలగొట్టడం వంటి ఘటనల్లో ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పాల్గొన్నట్టు తేలింది. ప్రతి ఘటనకూ శిక్ష ఉంటుంది. ములాఖత్ రద్దు కావచ్చు, శిక్ష తగ్గింపు పోవచ్చు, ఒంటరి గదికి పంపవచ్చు. అంటే అదే నేరానికి అదే శిక్ష పడిన ఇద్దరిలో ధ్యాస నిలపలేనివాడు ఎక్కువ కాలం, ఎక్కువ కష్టంగా జైల్లో గడపాల్సి వస్తుంది.

ఒంటరిగా రాని రుగ్మత

పెద్దల్లో ఏడీహెచ్‌డీ ఒంటరిగా రావడం తక్కువ. దాంతోపాటు కుంగుబాటు, ఆందోళన, వ్యసనం, నిద్రలేమి తోడుగా ఉంటాయి. జైళ్ళలో ఇవి ముందే ఎక్కువ. 24 దేశాల్లోని 33,588 మంది ఖైదీల సమాచారంతో 2012లో ఫజల్, సీవాల్డ్ చేసిన సమీక్ష ప్రకారం పురుష ఖైదీల్లో 10.2 శాతం, మహిళా ఖైదీల్లో 14.1 శాతం మంది తీవ్రమైన కుంగుబాటుతో బాధపడుతున్నారు. సైకోసిస్ సుమారు 4 శాతం మందిలో ఉంది.

మన దేశంలో ఇలాంటి పెద్ద అధ్యయనం బెంగళూరు కేంద్ర కారాగారంలో నిమ్హాన్స్ వైద్యులు జరిపారు. 5,024 మంది ఖైదీలను పరిశీలించి 2011లో నివేదిక ఇచ్చారు. వారిలో 79.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మతో, మత్తు పదార్థాల సమస్యో ఉందని తేలింది. మత్తు సమస్యను పక్కన పెట్టి చూసినా 27.6 శాతం మందికి మానసిక రుగ్మత ఉంది. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాజెక్ట్ 39ఏ బృందం మరణశిక్ష పడిన 88 మందిని కలిసి 2021లో నివేదిక వెలువరించింది. వారిలో 62.2 శాతం మందికి మానసిక రుగ్మత ఉన్నట్టు తెలిసింది.

ఇప్పుడు అధికారిక లెక్క చూద్దాం. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా ప్రచురించే జైలు గణాంకాల్లో మానసిక రుగ్మత ఉన్నట్టు నమోదైన ఖైదీలు 2 శాతం కూడా లేరు. ఏడీహెచ్‌డీకి అందులో విడిగా గడే లేదు. బెంగళూరులో వైద్యులు వెతికితే 27 శాతం దాటింది. దేశమంతా కలిపి రికార్డుల్లో రెండు శాతం లోపు. ఈ తేడాకు ఎక్కువ భాగం కారణం వెతికేవారు లేకపోవడమే.

2022 డిసెంబర్ చివరికి దేశంలోని 1,330 జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్ళలో పట్టేది 4,36,266 మందికే. ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ జైళ్ళలో వందమందికి ఉద్దేశించిన చోట దాదాపు 180 మంది ఉన్నారు. ఆ ఏడాది జైళ్ళలో నమోదైన 159 అసహజ మరణాల్లో 119 ఆత్మహత్యలు. మరి మనోవైద్యులు, మనస్తత్వ నిపుణులు ఎంతమంది? 2025 ఇండియా జస్టిస్ రిపోర్ట్ ప్రకారం దేశంలోని జైళ్ళన్నిటికీ కలిపి 25 మంది. అంటే 22,929 మంది ఖైదీలకు ఒకరు. ఐదువందల మందికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం.

చట్టం ఏమంటోంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. జైలు వైద్యాధికారులకు ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని 31వ సెక్షన్ చెబుతోంది. తెలుగు రాష్ట్రాల్లో తీవ్ర మానసిక సమస్యలున్న ఖైదీలకు హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలలు పెద్ద దిక్కు.

అయితే ఆ చట్టంలోని మానసిక రుగ్మత నిర్వచనం ఆలోచన, మనోభావం, గ్రహణశక్తి, స్థలకాలాల స్పృహ, జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం గురించి మాట్లాడుతుంది. ధ్యాస అనే మాట అందులో లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఆటిజం, అభ్యసన వైకల్యాలు ఉన్నాయి గానీ ఏడీహెచ్‌డీ లేదు. అందువల్ల ఈ రుగ్మత ఉన్న ఖైదీ రెండు చట్టాల మధ్య ఖాళీలో పడిపోతాడు. ఒకదాని కింద రోగిగా చెప్పుకోవడం కష్టం. రెండోదాని కింద దివ్యాంగుడిగా గుర్తింపు లేదు.

ఇక్కడ మరో విషయం. రుగ్మత ఉందని తేలినంత మాత్రాన నేరానికి బాధ్యత తొలగిపోదు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ఇచ్చే రక్షణ తాను చేస్తున్న పనేమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవారికి. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి తప్పొప్పులు తెలుసు, ఆపుకోవడమే కష్టం. కాబట్టి రోగ నిర్ధారణను నేరం నుంచి తప్పించుకునే దారిగా కాక, చికిత్సకూ, సరైన విచారణకూ, బయటికొచ్చాక నిలదొక్కుకోవడానికీ దారిగా చూడాలి.

మందు పనిచేస్తుందా?

స్వీడన్‌లో 2006 నుంచి 2009 వరకు 25,656 మంది ఏడీహెచ్‌డీ రోగుల రికార్డులను పాల్ లిచ్టెన్‌స్టైన్ బృందం పరిశీలించింది. మందు వాడేవారినీ వాడనివారినీ పోల్చి ఊరుకుంటే, బాధ్యతగా ఉండేవాళ్ళే మందు వాడతారేమోనన్న అనుమానం మిగిలిపోతుంది. అందుకే ఆ బృందం అదే మనిషి మందు వాడిన కాలాన్నీ, వాడని కాలాన్నీ పోల్చింది. మందు వాడిన కాలంలో నేరాలు పురుషుల్లో 32 శాతం, మహిళల్లో 41 శాతం తక్కువగా నమోదయ్యాయి. అదే దేశంలోని నోర్టెల్యే జైల్లో దీర్ఘకాల శిక్ష అనుభవిస్తున్న 30 మందిపై చేసిన చిన్న ప్రయోగంలోనూ మిథైల్‌ఫెనిడేట్ బాగా పనిచేసింది.

ఇంతటితో కథ ముగిస్తే అది అర్ధసత్యమే అవుతుంది. బ్రిటన్‌లో 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న 200 మంది పురుష ఖైదీలపై ఫిలిప్ ఆషర్సన్ బృందం ఎనిమిది వారాల ప్రయోగం చేసి 2023లో ఫలితాలు ప్రచురించింది. సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు వర్గాల మధ్య లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. స్వీడన్ జైలు ప్రయోగం కంటే ఇది ఆరేడు రెట్లు పెద్దది. యువకులు, తక్కువ వ్యవధి, వెంట వచ్చే ఇతర సమస్యలు అన్నీ కలిసిన జైలు వాతావరణంలో మాత్ర ఒక్కటే సరిపోదని ఇది హెచ్చరిస్తోంది.

మన జైళ్ళలో ఇంకో చిక్కుంది. మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల నిరోధక చట్టం జాబితాలో ఉన్న ఉత్ప్రేరక మందు. జైల్లో అది చేతులు మారే ప్రమాదం ఉంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని వాడడం, వైద్య సిబ్బంది కళ్ళ ముందే మింగించడం, లేదా ఉత్ప్రేరకం కాని అటోమాక్సెటిన్ వాడడం దీనికి మార్గాలు. దేన్నైనా మనోవైద్యుడే నిర్ణయించాలి.

మాత్ర కాకుండా

ఖర్చు లేని మార్పులు కొన్ని ఉన్నాయి. నోటితో ఒకేసారి పది నియమాలు చెప్పేకంటే, ఒక్కొక్కటిగా చెప్పి గోడ మీద బొమ్మలతో రాసిపెట్టడం. వాయిదా తేదీని ఖైదీకి మాత్రమే కాకుండా ఇంటివారికీ తెలియజేయడం. విచారణలో మధ్యమధ్య విరామం ఇవ్వడం. చేతులకు పని చెప్పే వడ్రంగం, నేత, బేకరీ, తోటపని వంటి వాటిలో ముందుగా చోటివ్వడం. తొందరపడే ముందు ఒక క్షణం ఆగి ఆలోచించడాన్ని అలవాటు చేసే మాటల చికిత్స ఇవ్వడం. తీహార్‌లో 1994లో వెయ్యి మందికి పైగా ఖైదీలతో విపశ్యన ధ్యాన శిబిరం జరిగింది. దేశంలో జైలు సంస్కరణల చరిత్రలో అది పేరున్న ఘట్టం. ధ్యానం కొందరికి ఊరటనిస్తుంది. అయితే రోజుల తరబడి కదలకుండా కూర్చోవడమే కష్టమైన మనిషికి అది చికిత్సకు బదులు కాలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది జైలు గేటు దగ్గరి పరీక్ష. కొత్తగా వచ్చిన ఖైదీకి బరువు చూస్తారు, గాయాలు రాస్తారు, క్షయ ఉందేమో అడుగుతారు. అక్కడే మరో నాలుగు ప్రశ్నలు చేరవచ్చు. బడి ఎందుకు మానేశారు? చిన్నప్పుడు కుదురుగా ఉండేవారా? తలకు ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా? ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా? ఆ జవాబులతోనే రోగ నిర్ధారణ జరగదు. వెయ్యి మంది ఉదాహరణలో చూసినట్టు, ప్రశ్నావళి చేసే పని వడపోత మాత్రమే. కానీ వడపోత మొదలైతేనే మిగిలిన పనికి దారి ఏర్పడుతుంది.

జైల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురి కేసు ఇంకా తేలలేదు. శిక్ష పడినవారిలోనూ చాలామంది ఏదో ఒకరోజు బయటికి వస్తారు. వైశాలి వంటి కాలనీలకే, అవే మెట్రో స్టేషన్లకే, అవే ఇళ్ళకే తిరిగి చేరతారు. లోపల గుర్తించని సమస్య వాళ్ళతోపాటే బయటికి నడిచి వస్తుంది. లోపలే గుర్తించి చేయూతనిస్తే ఆ మేలు ఖైదీ ఒక్కడితో ఆగదు. అతని కోసం ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లికీ, అతని పిల్లలకూ, ఇరుగుపొరుగుకూ అందుతుంది.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి లక్షణాలు చిన్ననాటి నుంచీ ఉన్నాయనిపిస్తే వైద్యుణ్ణి సంప్రదించాలి. ఇంటర్నెట్‌లో దొరికే పరీక్షలతో తేల్చుకోకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.